కాక్‌పిట్‌లో ఏదీ ఒక్కటే ఉండదు.. ఎందుకో తెలుసా?

శంషాబాద్ నుంచి దుబాయ్‌కో, జెడ్డాకో వెళ్లే విమానం ఎక్కేటప్పుడు చాలామంది ఓ పని చేస్తారు. గుమ్మం దగ్గర ఎయిర్‌హోస్టెస్ పలకరింపు వింటూనే ఎడమ వైపు ఓసారి తొంగి చూస్తారు. తలుపు తెరిచి ఉంటే కాక్‌పిట్ ఒక్క క్షణం కనిపిస్తుంది. ముందు తెరలు, మధ్యలో లీవర్లు, తలపైన కప్పు నిండా స్విచ్‌లు. వాటి మధ్య తెల్ల చొక్కాల్లో ఇద్దరు పైలట్లు. అంతలోనే వెనకున్నవాళ్లు ‘ముందుకు జరగండి’ అంటారు. బ్యాగు పట్టుకుని సీటు వెతుక్కోవాల్సిందే.

సీట్లో కూర్చున్నాక సందేహాలు మొదలవుతాయి. అన్ని స్విచ్‌లు వాళ్లకు ఎలా గుర్తుంటాయి? ఆటోపైలట్ ఉండగా ఇద్దరు పైలట్లు ఎందుకు? రాత్రిపూట, మబ్బుల్లో బయట ఏమీ కనిపించకపోతే ఎలా నడుపుతారు? ఏదైనా మీటర్ తప్పు చూపిస్తే ఏంటి పరిస్థితి?

వీటిలో ఆఖరి ప్రశ్నే అసలైనది. కారులో స్పీడోమీటర్ పాడైతే పక్కకు ఆపుకోవచ్చు. 35 వేల అడుగుల ఎత్తులో ఆ అవకాశం లేదు. అందుకే కాక్‌పిట్‌లో ఒక సూత్రం నడుస్తుంది. దేన్నీ ఒంటరిగా నమ్మకూడదు. మీటర్‌నైనా, కంప్యూటర్‌నైనా, మనిషినైనా సరే. ఈ సూత్రం పుస్తకాల్లో పుట్టింది కాదు. కాక్‌పిట్‌లోని చాలా ఏర్పాట్ల వెనుక ఏదో ఒక ప్రమాదం ఉంది.

ఒకే గదిలో రెండు కాక్‌పిట్‌లు

ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు ఫస్ట్ ఆఫీసర్‌ది. ఫస్ట్ ఆఫీసర్ అంటే అసిస్టెంట్ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆయన లేదా ఆమె కూడా ఆ విమానం నడపడానికి పూర్తి శిక్షణ పొందిన పైలటే. ఒక ట్రిప్పు కెప్టెన్ నడిపితే తిరుగు ట్రిప్పు ఫస్ట్ ఆఫీసర్ నడపడం మామూలే. ఒకరు నడుపుతుంటే రెండోవారి పని గమనించడం. రేడియోలో మాట్లాడటం, వేగం, ఎత్తు చూస్తూ పైకి చదవడం, తేడా వస్తే చెప్పడం.

ఇద్దరి ముందూ ఒకే రకమైన తెరలు ఉంటాయి. ఒక తెరలో పైన నీలం, కింద గోధుమ రంగు కనిపిస్తాయి. నీలం ఆకాశం, గోధుమ రంగు నేల. ఎడమ అంచున వేగం, కుడి అంచున ఎత్తు, కింద విమానం ముఖం ఎటు ఉందో చూపే దిక్సూచి ఉంటాయి. పక్క తెరలో దారి మ్యాపు, దాని మీదే ముందున్న తుపాను మబ్బులు కనిపిస్తాయి. మధ్యలో ఇంజిన్ల వివరాలు.

ఇద్దరి తెరలూ చూడ్డానికి ఒకేలా ఉన్నా, వాటికి సమాచారం వచ్చే దారులు మాత్రం వేరు. కెప్టెన్ తెరకు ఒక సెన్సర్ల గుంపు, ఫస్ట్ ఆఫీసర్ తెరకు మరో గుంపు. ఈ రెండూ కాక మధ్యలో చిన్న స్టాండ్‌బై మీటర్ ఒకటి ఉంటుంది. విమానంలో కరెంటు చాలావరకు పోయినా అది బ్యాటరీతో నడుస్తుంది. అన్నింటికీ పైన, అద్దం దగ్గర, పాతకాలపు అయస్కాంత దిక్సూచి ఇప్పటికీ ఉంటుంది. దానికి కరెంటే అక్కర్లేదు.

మూడో మీటర్ ఎందుకు? రెండు గడియారాలు రెండు టైములు చూపిస్తే ఏది కరెక్టో తేలదు. మూడోది ఉంటే తేలిపోతుంది. రెండు ఒకే మాట చెబితే, తప్పు చెప్పేది మిగిలిన ఆ ఒక్కటే.

ముంబై తీరంలో ఏం జరిగింది?

1978 జనవరి 1, రాత్రి. అప్పటి బొంబాయి నుంచి దుబాయ్‌కి ఎయిర్ ఇండియా జంబో జెట్ బయలుదేరింది. దాని పేరు ‘ఎంపరర్ అశోక’. టేకాఫ్ బాగానే అయింది. సముద్రం మీదకు రాగానే విమానం కుడి వైపు తిరిగి, మళ్లీ సమంగా అయింది. కానీ కెప్టెన్ ముందున్న హొరైజన్ మీటర్ మాత్రం విమానం ఇంకా కుడి వైపే ఒరిగి ఉన్నట్లు చూపిస్తూ ఉండిపోయింది.

కింద నల్లటి సముద్రం, పైన నల్లటి ఆకాశం. రెండూ ఎక్కడ కలుస్తున్నాయో కంటికి ఆనలేదు. కెప్టెన్ తన మీటర్‌ను నమ్మి విమానాన్ని ఎడమకు తిప్పారు. సమంగా ఉన్న విమానం ఎడమకు ఒరిగిపోతూ బాంద్రా తీరానికి దగ్గర్లో సముద్రంలో కూలింది. టేకాఫ్ అయ్యి రెండు నిమిషాలు కూడా కాలేదు. విమానంలోని 213 మందీ చనిపోయారు.

సమంగా ఉన్న విమానం ఒరిగిపోతుంటే శరీరానికి తెలియదా అనే అనుమానం వస్తుంది. తెలియకపోవచ్చు. మన బ్యాలెన్స్ లోపలి చెవి మీద ఆధారపడి ఉంటుంది. విమానం మెల్లగా ఒరిగితే చెవి ఆ మార్పును పట్టుకోలేదు. ప్రయాణికులకూ ఇది అనుభవమే. మబ్బుల్లో విమానం తిరుగుతున్నా కప్పులోని టీ ఒక వైపుకు ఒరగదు, సీట్లో ఉన్నవాళ్లకు తిరుగుతున్నట్లే అనిపించదు. కిటికీలోంచి నేల కనిపించాకే రెక్క వంగి ఉందని తెలుస్తుంది. అందుకే పైలట్లకు శిక్షణలో మొదటి నుంచీ చెప్పే మాట ఒకటే. శరీరం చెప్పేది నమ్మొద్దు, మీటర్లను నమ్మాలి. ఆ రాత్రి తప్పు చెప్పింది మీటరే.

ఇప్పటి విమానాల్లో కంప్యూటర్లు కెప్టెన్ తెరను, ఫస్ట్ ఆఫీసర్ తెరను నిరంతరం పోల్చి చూస్తుంటాయి. రెండింటి మధ్య కొన్ని డిగ్రీల తేడా వచ్చినా ఇద్దరికీ హెచ్చరిక వస్తుంది. అప్పుడు ఇద్దరూ స్టాండ్‌బై మీటర్ చూసి ఏది నిజమో తేల్చుకుంటారు.

వేగం చెప్పే గొట్టాలు

బోర్డింగ్ బ్రిడ్జి దగ్గర విమానం ముక్కు కింద జాగ్రత్తగా చూస్తే చిన్న గొట్టాలు ముందుకు పొడుచుకుని కనిపిస్తాయి. వాటిని పిటాట్ ట్యూబులు అంటారు. బైక్ మీద వేగంగా వెళ్తుంటే ముఖానికి గాలి గట్టిగా తగులుతుంది కదా. అదే లెక్క ఇక్కడ కూడా. గొట్టంలోకి దూసుకొచ్చే గాలి ఒత్తిడిని, బయట మామూలుగా ఉన్న గాలి ఒత్తిడితో పోల్చి కంప్యూటర్ వేగాన్ని లెక్కిస్తుంది.

ఎయిర్‌బస్ లాంటి విమానాల్లో ఇలాంటివి మూడు ఉంటాయి. కెప్టెన్‌కు ఒకటి, ఫస్ట్ ఆఫీసర్‌కు ఒకటి, స్టాండ్‌బైకి ఒకటి. మంచు పట్టకుండా లోపల హీటర్లు కూడా ఉంటాయి. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ 2009 జూన్ 1న రియో డి జెనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం విషయంలో ఇవి చాలలేదు. అట్లాంటిక్ మీద, తుపాను మబ్బుల్లో మంచు స్ఫటికాలు గొట్టాలను మూసేశాయి. వేగం లెక్కలు తారుమారయ్యాయి. నమ్మదగిన సమాచారం లేకపోవడంతో ఆటోపైలట్ తనంతట తాను తప్పుకొని విమానాన్ని పైలట్ల చేతికి అప్పగించింది.

మంచు ఒక నిమిషం కూడా అడ్డు ఉండలేదు. కానీ ఆ గందరగోళంలో విమానం ముక్కును పైకి లేపారు. వేగం పడిపోయింది, రెక్కలు విమానాన్ని మోయలేకపోయాయి. నాలుగున్నర నిమిషాల్లోపే అది సముద్రంలో పడింది. 228 మంది ప్రాణాలు పోయాయి.

ఒక వస్తువుకు మూడు స్పేర్లు పెట్టినా, మూడూ ఒకే రకమైనవైతే ఒకే కారణంతో మూడూ ఒకేసారి పోవచ్చు. ఇంటికి మూడు తాళాలు వేసి, మూడింటికీ ఒకే తాళంచెవి వాడినట్లు. ఈ ప్రమాదం తర్వాత అలాంటి విమానాల్లో ఆ రకం గొట్టాలను మార్పించారు. ఎత్తులో వేగం లెక్కలు పోతే ఏం చేయాలో పైలట్లకు మళ్లీ శిక్షణ ఇచ్చారు.

స్పేర్లు ‘వేరు వేరుగా’ ఉండాలనే ఆలోచన ఎయిర్‌బస్ ఏ320 కంప్యూటర్లలోనూ కనిపిస్తుంది. 1988 నుంచి సర్వీసులో ఉన్న ఈ విమానం మన దేశంలో దేశీయ రూట్లలో తరచూ కనిపించేదే. ఇందులో పైలట్ స్టిక్ కదిపితే ఆ ఆదేశం కంప్యూటర్ల ద్వారా రెక్కలకు, తోకకు వెళ్తుంది. ఆ కంప్యూటర్లు వేరు వేరు రకాలు. వేరు వేరు ప్రాసెసర్లతో, వేరు వేరు బృందాలు రాసిన ప్రోగ్రాములతో తయారయ్యాయి. ఒక బృందం చేసిన పొరపాటు రెండో బృందం కూడా చేసే అవకాశం తక్కువని ఈ జాగ్రత్త.

ఒక్క సెన్సర్‌ను నమ్మినందుకు

సూత్రాన్ని పక్కన పెడితే ఏమవుతుందో ఇటీవలి కాలంలోనే ప్రపంచం చూసింది. బోయింగ్ 737 మ్యాక్స్ విమానంలో ఎంక్యాస్ అనే కొత్త ప్రోగ్రామ్ పెట్టారు. ముక్కు మరీ పైకి లేస్తే దానంతట అదే కిందికి దించడం దాని పని. ముక్కు ఎంత లేచిందో చెప్పడానికి విమానం ముందు భాగంలో రెండు వైపులా చిన్న రెక్కలాంటి సెన్సర్లు ఉంటాయి. గాలి వచ్చే దిశకు తగ్గట్టు అవి తిరుగుతాయి.

సెన్సర్లు రెండు ఉన్నా ఎంక్యాస్ వినేది మాత్రం ఒక్కదాని మాటే. అది తప్పు చెబితే సరిచూసే ఏర్పాటు లేదు. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం, 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఇలాగే కూలాయి. తప్పుడు సమాచారంతో ఎంక్యాస్ పదే పదే ముక్కును కిందికి నెట్టింది. రెండింటిలో కలిపి 346 మంది చనిపోయారు. ప్రపంచమంతా ఈ విమానాలను నేల మీదే నిలిపేశారు. ప్రోగ్రామ్ మార్చి, రెండు సెన్సర్ల మాటా పోల్చి చూసేలా చేశాకే మళ్లీ అనుమతి ఇచ్చారు. మన దేశంలో 2021 ఆగస్టులో అనుమతి వచ్చింది.

ఎత్తు చెప్పే రెండు దారులు

విమానం ఎంత ఎత్తులో ఉందో చెప్పే ఆల్టీమీటర్ నిజానికి ఎత్తును కొలవదు, గాలి ఒత్తిడిని కొలుస్తుంది. పైకి వెళ్లే కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి దాన్నిబట్టి ఎత్తు లెక్క కడుతుంది. ఇందులో ఒక చిక్కుంది. గాలి ఒత్తిడి ఊరూరికీ, రోజురోజుకీ మారుతుంది. వాయుగుండం వచ్చిన రోజు ఒకలా, ఎండ కాసిన రోజు ఒకలా ఉంటుంది. అందుకే దిగే ముందు ఆ ఎయిర్‌పోర్టులో ఆ సమయానికి ఉన్న ఒత్తిడి ఎంతో అడిగి, ఆ నంబర్‌ను మీటర్‌లో పెడతారు. ఆ నంబర్‌లో పది యూనిట్లు పొరపాటు జరిగితే ఎత్తులో దాదాపు 300 అడుగుల తేడా వస్తుంది. మబ్బుల్లోంచి దిగే విమానానికి 300 అడుగులంటే చిన్న విషయం కాదు. అందుకే ఒకరు నంబర్ చదువుతారు, ఇద్దరూ పెడతారు, రెండు మీటర్లూ సరిపోయాయా అని చూస్తారు.

నేలకు దగ్గరయ్యాక రెండో దారి మొదలవుతుంది. అదే రేడియో ఆల్టీమీటర్. విమానం పొట్ట కింది నుంచి రేడియో తరంగాలు నేలకు పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి ఎత్తు చెబుతుంది. సుమారు 2,500 అడుగుల నుంచి ఇది పనిలోకి వస్తుంది. ల్యాండింగ్ సమయంలో కాక్‌పిట్‌లో ఒక గొంతు ‘ఫిఫ్టీ.. ఫార్టీ.. థర్టీ..’ అని లెక్కపెడుతుంది. అది దీని పనే. ఎయిర్‌బస్‌లో అయితే చివర్లో ‘రిటార్డ్’ అని కూడా వినిపిస్తుంది. ఇంజిన్ లీవర్లు వెనక్కి లాగమని పైలట్‌కు గుర్తు చేయడం అన్నమాట.

ఈ రేడియో ఆల్టీమీటర్‌కు ప్రపంచ పటాన్ని కూడా జతచేస్తే ఎదురుగా కొండ ఉన్నా ముందే తెలుస్తుంది. కొండను ఢీకొనకుండా ‘టెర్రైన్.. పుల్ అప్’ అని అరిచే ఈ పరికరాన్ని అభివృద్ధి చేసినవారిలో ప్రముఖుడు కెనడాలో పుట్టిన ఇంజినీర్ డాన్ బేట్‌మన్. పూర్తిగా అదుపులో ఉన్న విమానం కొండనో, నేలనో ఢీకొనే ప్రమాదాలు దీని తర్వాత బాగా తగ్గాయి.

ఎదురుగా మరో విమానం వస్తే?

1996 నవంబర్ 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి సౌదీ అరేబియా విమానం పైకి లేస్తోంది. అందులో గల్ఫ్‌లో పనికి వెళ్తున్నవాళ్లు ఎంతోమంది. అదే దారిలో కజకిస్తాన్ విమానం ఢిల్లీకి దిగుతోంది. దిగే విమానం 15 వేల అడుగుల దగ్గర ఆగాలి, ఎక్కే విమానం 14 వేల దగ్గర ఆగాలి. కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తు దాటి కిందికి వచ్చేసింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండూ ఢీకొన్నాయి. 349 మందిలో ఒక్కరూ బతకలేదు. గాల్లో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ప్రపంచంలో అతి పెద్దది ఇదే.

దీని తర్వాత భారత్ ఒక నిబంధన తెచ్చింది. ఇక్కడికి వచ్చిపోయే ప్రయాణికుల విమానాల్లో టీక్యాస్ అనే పరికరం తప్పనిసరి. రెండు విమానాల్లోని టీక్యాస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నువ్వెంత ఎత్తులో ఉన్నావు, ఎంత దూరంలో ఉన్నావు అని సెకను సెకనుకూ అడుగుతాయి. దగ్గరకు వస్తున్నట్లు తేలితే మొదట ‘ట్రాఫిక్.. ట్రాఫిక్’ అని హెచ్చరిస్తాయి. ప్రమాదం ఇంకా పెరిగితే ఒక విమానానికి ‘క్లైంబ్’ అని, రెండో దానికి ‘డిసెండ్’ అని చెబుతాయి. అంటే ఒకదాన్ని పైకి, మరోదాన్ని కిందికి పంపేలా రెండూ ముందే మాట్లాడుకుంటాయి.

మరి కింద నుంచి కంట్రోలర్ ఒకటి చెప్పి, టీక్యాస్ మరొకటి చెబితే ఎవరి మాట వినాలి? ఈ ప్రశ్నకు జవాబు కూడా ఓ ప్రమాదమే చెప్పింది. 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఊబర్లింగెన్ మీద రష్యా ప్రయాణికుల విమానానికి టీక్యాస్ ‘పైకి’ అంది, కంట్రోలర్ ‘కిందికి’ అన్నారు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదుటి సరుకు విమానం టీక్యాస్ చెప్పినట్లు అప్పటికే కిందికి దిగుతోంది. రెండూ ఢీకొని 71 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది స్కూలు పిల్లలు. ఇప్పుడు అన్నిచోట్లా రూల్ ఒకటే. అలాంటి సమయంలో టీక్యాస్ మాటే వినాలి, కంట్రోలర్‌కు తర్వాత చెప్పాలి.

ఆటోపైలట్ ఏం చేస్తుంది, ఏం చేయదు?

‘బటన్ నొక్కితే విమానం అదే వెళ్తుంది, పైలట్లు పడుకుంటారు’ అని చాలామంది సరదాగా అంటుంటారు. ఆటోపైలట్ మంచి పనివాడే కానీ యజమాని కాదు. ఈ దిక్కున వెళ్లు, ఈ ఎత్తులో ఉండు, ఈ వేగంతో వెళ్లు అని చెబితే తప్పకుండా చేస్తుంది. చెప్పింది తప్పైనా అంతే బుద్ధిగా చేస్తుంది.

1992 జనవరి 20న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఒక ఏ320 కొండను ఢీకొంది. 87 మంది చనిపోయారు. పైలట్లు 3.3 డిగ్రీల వాలులో దిగమని చెప్పామనుకున్నారని, యంత్రం నిమిషానికి 3,300 అడుగుల చొప్పున దిగమన్నట్లు తీసుకుందని విచారణలో బలంగా అనుమానించారు. మొదటిది మెల్లగా దిగడం, నిమిషానికి 800 అడుగుల దగ్గర. రెండోది దానికి నాలుగింతలు వేగం. చిన్న కిటికీలో రెండూ దాదాపు ఒకేలా, ‘33’ అంకెలతో కనిపించేవి. ఆ తర్వాత డిజైన్ మార్చి రెండో దాన్ని పూర్తిగా నాలుగు అంకెల్లో చూపించడం మొదలుపెట్టారు.

టేకాఫ్‌ను సాధారణంగా పైలట్లే చేతులతో చేస్తారు. ల్యాండింగ్ కూడా చాలావరకు వాళ్లే చేస్తారు. ఢిల్లీలాంటి చోట శీతాకాలంలో దట్టమైన పొగమంచు కమ్మినప్పుడు ఆటోపైలట్ ల్యాండింగ్ చేయించవచ్చు. దానికి రన్‌వే దగ్గర ప్రత్యేక పరికరాలు, విమానంలో ఒకటికి మించి ఆటోపైలట్లు, పైలట్లకు ప్రత్యేక శిక్షణ అన్నీ ఉండాలి.

చక్రం ఆకారంలో హ్యాండిల్

అన్ని స్విచ్‌లు ఎలా గుర్తుంటాయి అనే ప్రశ్నకు జవాబు చేతి వేళ్లలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా బాంబర్ పైలట్లు ల్యాండ్ అయ్యాక ఫ్లాప్స్ లీవర్ అనుకుని చక్రాలు మడిచే లీవర్ లాగేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. పైలట్లలో లోపమేమీ లేదని, రెండు లీవర్లూ ఒకేలా, పక్కపక్కనే ఉండటమే కారణమని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫాన్స్ చపానిస్ గుర్తించారు. చక్రాల లీవర్‌కు చిన్న రబ్బరు చక్రం తగిలించారు. ఇప్పటికీ చక్రాల హ్యాండిల్ చక్రంలాగే, ఫ్లాప్స్ హ్యాండిల్ రెక్క అంచులాగే ఉంటాయి. చీకట్లో తాకినా తెలిసిపోతుంది.

ఇంజిన్లకు ఇంధనం ఇచ్చే, ఆపే స్విచ్‌లు మరో ఉదాహరణ. బోయింగ్ విమానాల్లో ఇవి ఇంజిన్ లీవర్ల వెనుక ఉంటాయి. చేయి తగిలితే కదలకుండా, ముందు పైకి లాగి, ఆ తర్వాత జరపాలి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా బోయింగ్ 787 కూలి 260 మంది చనిపోయాక ఈ స్విచ్‌ల గురించి దేశమంతా మాట్లాడుకుంది. టేకాఫ్ అయిన కొన్ని సెకన్లకే రెండు స్విచ్‌లూ సెకను తేడాతో ‘రన్’ నుంచి ‘కటాఫ్’కు మారాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, తాను ఆపలేదని రెండో పైలట్ చెప్పడం వాయిస్ రికార్డర్‌లో ఉంది. అవి ఎలా మారాయన్నది మాత్రం ఆ నివేదిక చెప్పలేదు.

రంగులకు కూడా అర్థం ఉంటుంది. ఎర్ర లైటు వెలిగితే వెంటనే పని చేయాలి. పసుపు లైటు జాగ్రత్త అని. అంతా సవ్యంగా ఉంటే తలపైనున్న స్విచ్‌ల్లో హెచ్చరిక లైటేదీ వెలగదు. చీకటిగా ఉన్న కాక్‌పిట్ అంటే అంతా బాగున్నట్లే.

తలుపు లోపలి నుంచి మూస్తే

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కాక్‌పిట్ తలుపులను తుపాకీ గుండుకు కూడా తట్టుకునేలా మార్చారు. గాల్లో ఉండగా ప్రయాణికులకు లోపలికి ప్రవేశం లేదు. సిబ్బంది రావాలంటే బయట కీప్యాడ్ నొక్కాలి, లోపలివాళ్లు చూసి తెరవాలి. లోపలి పైలట్లు స్పృహ తప్పితే తెరవడానికి ఒక అత్యవసర కోడ్ ఉంటుంది. బయటివాళ్లను బెదిరించి కోడ్ చెప్పించే ప్రమాదం ఉంది కాబట్టి, లోపలి నుంచి దాన్ని కూడా ఆపగలిగే ఏర్పాటు చేశారు.

శత్రువు బయటే ఉంటాడని అనుకుని చేసిన తలుపు అది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ బయటకు వెళ్లగానే కో పైలట్ లోపలి నుంచి తలుపు మూసేసి, విమానాన్ని ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండలకు ఢీకొట్టాడు. కెప్టెన్ తలుపు బద్దలు కొట్టడానికి ఎంత ప్రయత్నించినా లాభం లేకపోయింది. 150 మంది చనిపోయారు. ఒక్క మనిషిని ఒంటరిగా నమ్మకూడదన్న పాఠం ఇక్కడా అదే. మన దేశంలో ఒక పైలట్ బాత్‌రూమ్‌కు వెళ్తే, తిరిగి వచ్చేదాకా క్యాబిన్ సిబ్బందిలో ఒకరు లోపల ఉండాలనే నిబంధన ఉంది. ముందు టాయిలెట్ దగ్గర ఎయిర్‌హోస్టెస్ ట్రాలీ అడ్డం పెట్టి నిలబడటం ప్రయాణికులు చూసే ఉంటారు. ఆ సమయంలో తలుపు తెరుచుకుంటుంది కాబట్టే ఆ కాపలా.

అన్నింటికన్నా ముఖ్యమైన స్పేర్

ఇన్ని తెరలు, సెన్సర్లు, హెచ్చరికలు పెట్టాక చివరికి నిర్ణయం తీసుకునేది మనిషే. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం దీనికి సాక్ష్యం. విమానం ఉండాల్సిన దానికన్నా చాలా ఎత్తులో, వేగంగా రన్‌వేకు వస్తోంది. యంత్రం పదే పదే హెచ్చరించింది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు ‘గో అరౌండ్’ అన్నారు. అంటే దిగొద్దు, మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి వద్దామని. కెప్టెన్ ఆపకుండా దించేశారు. రన్‌వే చివర దాటి విమానం లోయలో పడింది. 166 మందిలో ఎనిమిది మందే బతికారు.

ఆ కాక్‌పిట్‌లో పాడైన యంత్రమేదీ లేదు. హెచ్చరిక పనిచేసింది, రెండో పైలట్ కూడా సరిగ్గానే చెప్పారు. చెప్పినమాట వినడమే జరగలేదు. అందుకే ఇప్పుడు పైలట్ల శిక్షణలో విమానం నడపడంతో పాటు మాట చెప్పడం, మాట వినడం కూడా నేర్పిస్తారు. వయసులో, అనుభవంలో చిన్నవారైనా ‘సార్, ఇది తప్పు’ అనగలగాలి. పెద్దవారు ఆ మాటను అవమానంగా తీసుకోకూడదు. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని నేర్పే మన ఇళ్లలో పెరిగినవారికి ఇది అంత తేలిక కాదు. కాక్‌పిట్‌లో మాత్రం ఎదురు చెప్పడం డ్యూటీ.

చాలా విమానయాన సంస్థలు ఇద్దరు పైలట్లకూ ఒకే భోజనం పెట్టవు. ఒకరి తిండి పాడైనా రెండోవారు బాగుండాలని. మీటర్ల నుంచి భోజనం దాకా ఒకటే ఆలోచన.

అందుకే ఈసారి విమానం ఎక్కేటప్పుడు ఎడమ వైపు తొంగి చూస్తే స్విచ్‌లు లెక్కపెట్టాల్సిన పనిలేదు. ఇద్దరు మనుషులు ఒక కాగితాన్నో, తెరనో చూస్తూ ఒకరు అడుగుతుంటే మరొకరు జవాబు చెప్పడం కనిపించవచ్చు. అది చెక్‌లిస్ట్. వేల గంటలు నడిపిన పైలట్ కూడా తన జ్ఞాపకశక్తిని ఒంటరిగా నమ్మకుండా, పక్కవారిని అడిగి సరిచూసుకుంటున్నారని దాని అర్థం. వెనక సీట్లలో నిశ్చింతగా కునుకు తీసేవారి ధైర్యానికి ఆధారం అదే.